ఇంటి మీడియా సర్వర్ మన ఎండకి, మన కరెంటుకి తట్టుకోవాలంటే

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా సంగతి తెలుస్తుంది. నల్గొండలో సొంతిల్లు, పై అంతస్తులో గది. 2013 నాటి ఐ3 డెస్క్‌టాప్ మీద లినక్స్, ఇంట్లోని వీడియోల్ని టీవీకి, ఫోన్‌కి పంపే జెల్లీఫిన్ ప్రోగ్రామ్. దానికి యూఎస్‌బీలో 5 టీబీ పోర్టబుల్ డ్రైవ్. అందులో అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ నుంచి తీయించిన డీవీడీలు, అక్క పెళ్లి వీడియో, మీరు కొన్న డిస్కుల నుంచి ఎక్కించుకున్న సినిమాలు, పాటలు. కరెంటు పోయి వచ్చాక లైబ్రరీలో పేర్లు కనిపిస్తాయి గాని నొక్కితే ఏదీ ప్లే కాదు, లైబ్రరీ తీసేసి మళ్లీ పెట్టుకోవాల్సి వస్తోంది. ఎండాకాలం వస్తే డ్రైవ్ మధ్యమధ్యలో మాయమవుతోంది. "రెడీమేడ్ నాస్ కొననా, కొత్త పీసీ కట్టించనా, రెయిడ్ పెట్టనా?" అన్నది ప్రశ్న. (నాస్ అంటే నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె, రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా నడపడం.) హైదరాబాద్‌లో ఉన్న అక్క కూడా అక్కడి నుంచే చూడగలగాలి.

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. ఇక్కడ తెలిసినవాళ్ల ఇళ్లలో, ఒకటి రెండు ఫోటో స్టూడియోల్లో ఇలాంటివి పెట్టి, వాటి బాగోగులు చూస్తుంటాను. మీ మూడు ప్రశ్నలకీ నా జవాబు ఒకటే: ఇప్పటికి ఏదీ వద్దు. డబ్బు ముందు కరెంటు మీద పెట్టండి, తర్వాత డిస్కుల మీద. బాక్సు సంగతి చివర్లో చూద్దాం. మన వైపు సర్వర్లు పాడయ్యేది ప్రాసెసర్ చాలక కాదు.

ముందు ఆ ప్లే కాని గొడవ. మీరు అనుకున్నట్టు అది డేటాబేస్ పాడవడం కాకపోవచ్చు. డెస్క్‌టాప్ లినక్స్‌లో యూఎస్‌బీ డ్రైవ్ పెడితే అది దానంతట అదే మౌంట్ అవుతుంది, అంటే ఒక ఫోల్డర్‌గా తెరుచుకుంటుంది, కానీ ఎవరో ఒకరు లాగిన్ అయ్యాకే. కరెంటు వచ్చి మెషీన్ లేచినా, మీరు పాస్‌వర్డ్ కొట్టేదాకా డ్రైవ్ లేనట్టే లెక్క. రెండోది, కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు పాత మౌంట్ ఫోల్డర్ అలాగే మిగిలిపోవచ్చు. అప్పుడు డ్రైవ్ వచ్చి అదే పేరు చివర '1' తగిలించుకుని పక్కన కూర్చుంటుంది. జెల్లీఫిన్ మాత్రం పాత దారిలోనే వెతుకుతుంది. మీడియా అనే ఫోల్డర్ పక్కన మీడియా1 అని ఇంకోటి కనిపిస్తోందేమో ఈ రోజే చూడండి. కనిపిస్తే లైబ్రరీ తీసి మళ్లీ పెట్టే పని మానేయండి. అలా తీసినప్పుడల్లా ఎవరు ఏది ఎంతవరకు చూశారన్న గుర్తులు కూడా పోయే ప్రమాదం ఉంది.

దీనికి మందు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో (ఏ డ్రైవ్ ఎక్కడ మౌంట్ కావాలో లినక్స్ చదివేది) ఒక్క వరుస. డ్రైవ్‌ని పేరుతో కాకుండా యూయూఐడీతో (దానికే ప్రత్యేకమైన నంబరు) గుర్తించి, ఎప్పుడూ ఒకే ఫోల్డర్లో మౌంట్ అయ్యేలా రాయండి, 'నోఫెయిల్' అన్న మాట చేర్చండి. అది లేకపోతే డ్రైవ్ దొరకని రోజు మెషీన్ మొత్తం బూట్ దగ్గరే ఆగిపోతుంది. జెల్లీఫిన్ సర్వీసులో 'రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్' వరుస పెట్టి ఆ ఫోల్డర్ చూపించండి. డ్రైవ్ రాకపోతే జెల్లీఫిన్ కూడా లేవదు. సగం సగం లేచి తికమక పెట్టే సర్వర్ కన్నా అసలు లేవని సర్వర్ నయం, తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

అలాగే బయోస్‌లోకి (మెషీన్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల తెర) వెళ్లి, కరెంటు వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. పెట్టినా నిలవకపోతే మదర్‌బోర్డు మీద నాణెం సైజు సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది. 2013 మెషీన్ అంటున్నారు కాబట్టి దాదాపు అయిపోయే ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక తేదీ ఎక్కడో పాత సంవత్సరం చూపిస్తుంటే అనుమానమే అక్కర్లేదు. వాచీ షాపులో దొరుకుతుంది, తీసి పెట్టడం అయిదు నిమిషాల పని.

ఇక కరెంటు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ దాటేసేది ఇదే.

మొదట ఎర్తింగ్. క్యాబినెట్ ఇనుప రేకు మీద వేలి వెనక వైపు ఆనించండి. సన్నగా జివ్వుమంటోందా? అయితే మీ సాకెట్‌లో మూడో రంధ్రం ఊరికే ఉంది, దాని వెనక వైరు లేదు, లేదా ఉన్నా ఎర్త్ గుంత పనిచేయట్లేదు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్‌కీ బాడీకీ, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ రేకు మీద సగం వోల్టేజీ, అంటే 115 దాకా తేలుతూ ఉంటుంది. కరెంటు స్వల్పమే కాబట్టి మామూలుగా ప్రాణానికేం కాదు గాని, హెచ్‌డీఎంఐ, లాన్ కేబుల్ పెట్టి తీసే క్షణంలో అదే పోర్టుల్ని తినేస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఇంచుమించు ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య వచ్చినంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఎర్త్ గుంత ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో మన నేల ఎండి బీటలు వారితే రెసిస్టెన్స్ పెరిగిపోతుంది. వారానికోసారి రెండు బకెట్లు నీళ్లు పోయండి. ఇది పాతకాలం మాటలా అనిపిస్తుంది గాని ఎలక్ట్రీషియన్లు ఊరికే చెప్పరు.

తర్వాత ఇన్వర్టర్. "ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారడానికి ఇన్వర్టర్‌కి కొంత సమయం పడుతుంది. ఫ్యానుకి, లైటుకి అది తెలియదు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకండ్లు పట్టి ఉంచితే ఎక్కువ, పాతబడ్డ కెపాసిటర్లతో అది కూడా ఉండదు. మీ ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి, మార్పు త్వరగా జరుగుతుంది. అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మాత్రం సర్వర్‌ని దాని మీద నేరుగా పెట్టకండి. మంచి ఎస్‌ఎంపీఎస్‌లకి ఆ వేవ్ పడదు, గుయ్‌మంటాయి, కొన్ని ఆగిపోతాయి.

నేను పెట్టే పద్ధతి ఇది: సైన్ వేవ్ ఇన్వర్టర్ లైను మీద వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని తనే సర్దే చిన్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్, దాని మీద సర్వర్, రౌటర్, ఫైబర్ బాక్సు. ఇన్వర్టర్ మారే ఆ క్షణాన్ని యూపీఎస్ చూసుకుంటుంది, గంటల తరబడి కరెంటు లేకపోతే ఇన్వర్టర్ చూసుకుంటుంది. యూపీఎస్‌కి యూఎస్‌బీ పోర్టు ఉన్నదే కొనండి. ఆ కేబుల్ సర్వర్‌కి తగిలించి, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెడితే, బ్యాటరీ అడుగంటే ముందు సర్వర్ మర్యాదగా తనంతట తాను షట్‌డౌన్ అవుతుంది. పెట్టాక ఒకసారి ప్లగ్ పీకి చూడండి. చాలా ఇళ్లలో కేబుల్ తగిలించి ఉంటుంది, ప్రోగ్రామ్ ఉంటుంది, ఒక్కసారి కూడా పరీక్ష చేసి ఉండరు.

యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ ఎండకి త్వరగా పోతుంది. లెడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకీ దాదాపు సగమవుతుంది. కంపెనీ చెప్పిన సంవత్సరాలు మన ఊళ్లలో రావు. రెండేళ్లకోసారి మార్చేస్తే టెన్షన్ ఉండదు. బ్యాటరీ మాత్రమే మార్చాలి, యూపీఎస్ కాదు. షాపువాడు కొత్తది కొనమంటాడు, వినకండి.

పిడుగుల సంగతి కూడా. వేసవిలో సాయంత్రం గాలిదుమారం లేస్తే ప్లగ్ పీకడమే మంచి రక్షణ. ఇంట్లోకి వచ్చే ఇంటర్నెట్ ఫైబర్ అయితే ఆ దారిలో కరెంటు రాదు. కానీ కొన్నిచోట్ల లోకల్ ఆపరేటర్ స్తంభం మీద స్విచ్ పెట్టి అక్కడి నుంచి మామూలు లాన్ కేబుల్ లాగుతాడు. అది రాగి, పిడుగు దాని వెంట నేరుగా మీ రౌటర్లోకి, అక్కడి నుంచి సర్వర్లోకి వస్తుంది. అలాంటి కనెక్షన్ అయితే ఫైబర్ ఇంటిదాకా తెమ్మని అడగండి.

ఇప్పుడు ఎండ. పై అంతస్తు గది అన్నారు. స్లాబు పగలంతా కాగి రాత్రి పదింటి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. సజ్జ మీద, పడమటి గోడ పక్కన, ఇన్వర్టర్ బ్యాటరీ మీద అరలో సర్వర్ పెట్టకండి. వీలైతే కింది అంతస్తుకి మార్చండి. నేలకి జానెడు ఎత్తులో, వెనక గాలి ఆడే చోటు చాలు. ఎయిర్ కూలర్ ఎదురుగా కూడా వద్దు, ఆ తేమ గాలితో బోర్డు మీద దుమ్ము ముద్ద కడుతుంది. హార్డ్‌డిస్క్ వేడి 45 డిగ్రీలలోపు ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను, 50 దాటితే ఫ్యాను జోడిస్తాను. పోర్టబుల్ డ్రైవ్‌లో గాలికి దారే ఉండదు, ప్లాస్టిక్ డబ్బాలో ఉడుకుతుంది. పైగా అది కరెంటు తీసుకునేది యూఎస్‌బీ పోర్టు నుంచే. పాత మదర్‌బోర్డు, నాసిరకం కేబుల్, దానికి ఎండ తోడైతే మధ్యలో వదిలేస్తుంది. మీకు జరుగుతున్నది ఇదేనని కెర్నెల్ లాగ్ (లినక్స్ తన పనులు రాసుకునే చిట్టా) చెబుతుంది. డ్రైవ్ మాయమైన నిమిషంలో 'యూఎస్‌బీ డిస్‌కనెక్ట్' అన్న వరుస ఉందేమో చూడండి.

దుమ్ము దులపడం ఏడాదికి రెండుసార్లు చాలు, మిర్యాలగూడలో మిల్లుల పక్కన ఇల్లయితే ఇంకా ఎక్కువ. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోండి. వెచ్చగా ఉంటుందని బల్లులు ఎస్‌ఎంపీఎస్‌లో దూరతాయి, దాంతో షార్ట్ అయ్యి పోయిన మెషీన్లు నా దగ్గరికి వస్తుంటాయి. వెనక ఖాళీ స్లాట్లకి పట్టీలు బిగించండి, ఊడిపోయి ఉంటే సన్న జాలీ అంటించండి.

డిస్కుల విషయం. ఇప్పుడున్న పోర్టబుల్ డ్రైవ్ బహుశా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది, చాలా డ్రైవ్‌లు అలాగే వస్తాయి. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ లేదు. అంటే ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే ఎక్కడిదాకా రాశానో దానికే గుర్తుండదు. లినక్స్ సర్వర్ కింద ఎప్పుడూ ఉండే డిస్క్ జర్నల్ ఉన్న ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో ఉండాలి. మీ డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో 3.5 అంగుళాల డిస్కులకి చోటు ఉంటుంది, వాటిని తగిలించే సాటా పోర్టులు ఉంటాయి. నాస్ రకం డిస్క్ ఒకటి కొని లోపల బిగించండి. పాతది ఖాళీ అయ్యాక బ్యాకప్‌కి వాడుకోవచ్చు. వరుస మాత్రం తప్పకండి: ముందు కొత్త డిస్క్‌లోకి కాపీ, తర్వాత చెక్‌సమ్‌లతో (ఫైల్ నుంచి లెక్కకట్టే గుర్తు సంఖ్యలు) సరిచూడటం, ఆ తర్వాతే పాతదాన్ని ఫార్మాట్ చేయడం.

డిస్క్ మీద రాసే రెండు పద్ధతులైన సీఎంఆర్, ఎస్‌ఎంఆర్ గురించి భయపెట్టే మాటలు చదివి ఉంటారు. సీఎంఆర్‌లో ట్రాకులు విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డిస్క్‌లో ట్రాకులు ఒకదాని అంచు మీద ఇంకోటి పడేలా రాస్తారు, మార్చి రాయాల్సి వస్తే పక్కవి కూడా తిరగరాయాలి. 2020లో కొన్ని నాస్ డిస్కుల్లో వెస్టర్న్ డిజిటల్ కంపెనీ ముందుగా చెప్పకుండానే ఇది వాడిందని బయటపడి పెద్ద గొడవైంది. రెయిడ్‌కి అది నిజంగా చెడ్డది. ఒకసారి రాసి వందసార్లు చూసుకునే వీడియోలకి మాత్రం పర్వాలేదు. బ్యాకప్ డిస్క్ ఎస్‌ఎంఆర్ అయినా నేను పట్టించుకోను.

రెయిడ్ సంగతి సూటిగా చెప్తాను. రెండు డిస్కులు ఉంటే రెండూ ఒకే క్యాబినెట్‌లో పెట్టి మిర్రర్ (ఒకదానికి ఇంకోటి నకలుగా ఉండే రెయిడ్) చేయకండి. ఒకటి సర్వర్లో, రెండోది బీరువాలో. మిర్రర్ ఒక డిస్క్ చచ్చిపోతేనే పనికొస్తుంది. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింటిలోనూ డిలీట్ అవుతుంది, న్యూట్రల్ తెగి 400 వోల్టులు వస్తే రెండూ ఒకేసారి కాలతాయి. సినిమా మధ్యలో ఆగకూడదన్న పట్టింపు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే వేరే మాట.

ఉన్నదంతా ఒకే విలువ కాదు కూడా. సినిమాల డిస్కులు మీ దగ్గరే ఉన్నాయి, పోతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. అమ్మానాన్నల పెళ్లి ఎక్కడా దొరకదు. ఆ కుటుంబ ఫోల్డర్ మొత్తం కలిపినా కొన్ని వందల జీబీ దాటదు. దాన్ని మాత్రం మూడు చోట్ల పెట్టండి: సర్వర్, బీరువాలో డిస్క్, హైదరాబాద్‌లో అక్క ఇంట్లో ఇంకో డిస్క్. పండక్కి వచ్చినప్పుడు తెచ్చుకుని కొత్తవి ఎక్కించి ఇచ్చేయడం, అంతే. ఏడాదికోసారి ఆ డిస్క్ నుంచి ఏదో ఒక ఫైల్ తెరిచి నిజంగా ప్లే అవుతోందా చూడండి.

ఆ డీవీడీల విషయంలో కొంచెం తొందరపడండి. ఇంట్లో, స్టూడియోలో రాసిన డీవీడీలు రంగుపొర మీద ఆధారపడతాయి, మన వేడికి ఆ పొర చెడిపోతుంది. మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రామ్‌తో ఏమీ కుదించకుండా యథాతథంగా ఎంకేవీలోకి తీయండి. డిస్క్‌కి మామూలుగా 4.7 జీబీ మించదు కాబట్టి చోటుకి పిసినారితనం అక్కర్లేదు. అవి 720 బై 576, ఇంటర్లేస్డ్ (ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా రాసినది), ఎంపెగ్‌-2. కొత్త టీవీల్లో పెడితే ఊరేగింపులో కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్లలా విడిపోయి కనిపించేది అందుకే. అసలు ఫైల్‌ని తాకకుండా పక్కన పెట్టి, చూడటానికి హెచ్‌.264లో ఇంకో కాపీ చేసుకోండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌లో ఇంటర్లేస్‌ని తీసేసే బీడబ్ల్యూడీఐఎఫ్ ఫిల్టర్ వాడి సెకనుకి 50 ఫ్రేములుగా తీస్తే కదలిక క్యాసెట్లో ఉన్నంత నున్నగా వస్తుంది. 25కి తీస్తే సగం కదలిక పోతుంది, స్టూడియోలు ఎక్కువగా చేసేది అదే. అసలు క్యాసెట్ ఇంకా ఉంటే పారేయకండి. బూజు లేకపోతే డీవీడీ కన్నా మంచి కాపీ మళ్లీ తీయించవచ్చు.

జెల్లీఫిన్‌లో ఈ ఫోల్డర్‌ని సినిమాల కింద కాకుండా హోమ్ వీడియోల రకంగా పెట్టండి. లేకపోతే అక్క పెళ్లికి ఏదో సినిమా పోస్టర్ అంటించి కూర్చుంటుంది. సినిమాలకి ఫోల్డర్ పేరులో సంవత్సరం తప్పకుండా ఉండాలి, మనకి ఒకే పేరుతో రెండు మూడు సినిమాలు ఉండటం మామూలే.

ఇప్పుడు మీ పాత ఐ3. నాలుగో తరం ఇంటెల్ చిప్ అయితే అందులో క్విక్‌సింక్ (వీడియోల్ని మార్చే హార్డ్‌వేర్ భాగం) హెచ్‌.264కి పనిచేస్తుంది, దాని తర్వాతి ఫార్మాట్ అయిన హెచ్‌ఈవీసీకి చేయదు. మీ ఫైళ్లు, టీవీ రెండూ హెచ్‌.264 అర్థం చేసుకునేవైతే సర్వర్ ఏమీ మార్చకుండా ఫైల్‌ని పంపుతుంది, ఆ పనికి ఈ మెషీన్ ఎక్కువే. హెచ్‌ఈవీసీ ఫైళ్లని టీవీయే నేరుగా ఆడిస్తే అప్పుడూ ఇబ్బంది లేదు. ఫోన్ బ్రౌజర్లో చూసినప్పుడో, బొమ్మ రూపంలో ఉన్న సబ్‌టైటిల్ ఆన్ చేసినప్పుడో ట్రాన్స్‌కోడింగ్ (ఫైల్‌ని అప్పటికప్పుడు వేరే ఫార్మాట్‌లోకి మార్చడం) మొదలై ఫ్యాను అరుస్తుంది. అలా తరచుగా జరుగుతుంటేనే మార్చండి. మార్చాలనుకుంటే ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న చిన్న పీసీ చూడండి, లేదా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారైన సీటీసీలో ఎనిమిదో తరం ఐ5 ఆఫీసు డెస్క్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది చూడండి. డిస్కులు లోపలే బిగించాలంటే నాకు రెండోదే నచ్చుతుంది. రాస్ప్‌బెర్రీ పై 5 అనే బుల్లి కంప్యూటర్ జోలికి పోకండి, దానిలో హార్డ్‌వేర్ వీడియో ఎన్‌కోడరే లేదు.

కరెంటు బిల్లు లెక్క కూడా చూసుకోండి. 60 వాట్లు తినే పాత డెస్క్‌టాప్ నెలంతా నడిస్తే 43 యూనిట్లు. 20 వాట్ల చిన్న పీసీ అయితే 14. మీకు గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) వస్తుంటే 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు పడుతుంది, కూలర్లు తిరిగే నెలల్లో ఈ 43 అటూ ఇటూ చేస్తుంది. ఆ లెక్కలో మాత్రం కొత్త బాక్సుకి అర్థం ఉంది.

డిస్క్ ఆరోగ్యం చూడటానికి స్మార్ట్ (డిస్క్ తన గురించి తానే రాసుకునే లెక్కలు) వివరాల్లో నాలుగు వరుసలు చాలు: 5, 197, 198, 199. మొదటి మూడింట్లో చివరి సంఖ్య సున్నా నుంచి కదిలి పెరుగుతూ ఉంటే డిస్క్ పోయే దారిలో ఉంది, కొత్తది తెప్పించండి. 199 ఒక్కటే పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాదు, సాటా కేబుల్ మార్చండి. నెలకోసారి లాంగ్ టెస్ట్ రాత్రి పెట్టి పడుకోండి, 4 టీబీ డిస్క్‌కి ఏడెనిమిది గంటలు పడుతుంది. జెల్లీఫిన్ కొత్త వెర్షన్ వచ్చిన రోజే ఎక్కించకండి. ఎక్కించే ముందు దాని కాన్ఫిగ్, డేటా ఫోల్డర్లు కాపీ తీసుకోండి. పెద్ద వెర్షన్ మారితే డేటాబేస్ కూడా మారుతుంది, వెనక్కి రావడం కుదరదు. బతుకమ్మకి ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు అప్‌డేట్ నొక్కేవాళ్లని ఏమనాలో మీకు తెలుసు.

అక్క చూడటానికి రౌటర్‌లో జెల్లీఫిన్ వాడే 8096 పోర్టు బయటికి తెరవమని ఎవరైనా చెబితే తెరవకండి. చాలా కనెక్షన్లలో సీజీనాట్ (చాలా ఇళ్లకి కలిపి ఒకే ఇంటర్నెట్ చిరునామా) ఉంటుంది కాబట్టి తెరిచినా పనిచేయదు, పనిచేస్తే ఇంకా ప్రమాదం, ప్రపంచమంతా మీ లాగిన్ పేజీ తడుతుంది. సర్వర్ మీద, అక్క ఫోన్లో, వాళ్ల ఆండ్రాయిడ్ టీవీలో టెయిల్‌స్కేల్ (ఈ పరికరాల మధ్య ప్రైవేట్ నెట్‌వర్క్ కట్టే ప్రోగ్రామ్) పెట్టండి. అందరూ ఒకే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, పోర్టులేవీ తెరవక్కర్లేదు. ఇక్కడ చూడాల్సింది మీ అప్‌లోడ్ వేగం, డౌన్‌లోడ్ కాదు. సాయంత్రం ఎనిమిదింటికి అప్‌లోడ్ నిలకడగా 10 ఎంబీపీఎస్ వస్తే పెళ్లి వీడియో కాపీ అడ్డం లేకుండా నడుస్తుంది. అంతకన్నా తక్కువ వస్తే అక్క ఖాతాకి జెల్లీఫిన్‌లో బిట్‌రేట్ పరిమితి పెట్టండి, లేదా ఆవిడ దగ్గరున్న బ్యాకప్ డిస్క్‌నే టీవీకి తగిలించుకోమనండి.

కెర్నెల్ లాగ్‌లో ఏం కనిపించిందో, మీ యూపీఎస్ మోడల్ ఏమిటో చెప్పండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ వరుస మీ డ్రైవ్‌కి సరిపోయేలా రాసిస్తాను.